బూడిద అంటని పోగులు

మా మనవరాలు హైదరాబాద్ నుంచి వనపర్తికి వచ్చేటప్పుడు పండ్లో, మోకాళ్ల నూనో తెస్తుంది. ఈసారి ఒక చిన్న అట్టపెట్టె తెచ్చింది. లోపల వేలంత గొట్టం, దానికో మూత. అందులో ఉమ్మి పంపిస్తే మన తాతముత్తాతలు ఏ దిక్కు నుంచి వచ్చారో, ఎక్కడెక్కడ తిరిగి ఇక్కడ తేలారో చెబుతారట. తన ఉమ్మి ఎప్పుడో పంపేసిందట. ఇప్పుడు నాది కావాలి.

"దీనికి అరగంట ముందు నుంచి ఏం తినొద్దు, తాగొద్దు నానమ్మా" అంది.

అప్పుడే స్టవ్ మీద టీ పొంగుకొస్తోంది. నా ఉద్యోగమంతా పిల్లలకు జీవశాస్త్రం చెప్పడంతోనే గడిచింది. మనిషి పుట్టుక పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. అలాంటి నాకు నా ఉమ్మిలో ఏముందో చెప్పడానికి ఈ పిల్ల బయలుదేరింది. కోపమొచ్చింది గానీ, మనవరాలి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది! స్టవ్ కట్టేసి కూర్చున్నాను. టీ లేకుండా అరగంట గడవాలంటే ఏదో ఒకటి మాట్లాడాలి. అందుకని ఈ సంగతి చెప్పాను. అంతకు ముందు మా నాయినకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మాది గద్వాల, నేతవాళ్ల వీధి. పొద్దున లేవగానే ముక్కుకు మొదట తగిలేది గంజి వాసన. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగు చాపి, కుంచెలతో గంజి పట్టించేవాళ్లు. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే దారం. దాని కింద నుంచి నడుం వంచి దూరి బడికి పోవాలి. జడ తగిలిందో, ఆ పూట మా ఏడు తరాలకూ తిట్లు. పెద్దవాళ్లు అటు తిరిగినప్పుడు గంజి కుండలో ఒక గ్లాసు ముంచుకుని, ఉప్పు కలుపుకుని, గుప్పెడు వేయించిన పల్లీలు నంజుకుంటూ తాగడం మా పిల్లల దొంగతనం. దొరికితే వీపు మోగేది. అయినా మానేవాళ్లం కాదు.

మా ఇంట్లో ఒకటే మగ్గం. నాయిన గుంటలో కాళ్లు పెట్టి నేసేవాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. అడ్డపోగును మోసే చెక్క నాడెను అంచు దగ్గర అందుకోవడానికి పక్కన రెండో మనిషి ఉండి తీరాలి. మా ఇంట్లో ఆ మనిషి అమ్మ. ఆ ఏడు అమ్మకు భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు. నేను తొమ్మిదో తరగతి. నన్ను బడి మాన్పించి అంచు దగ్గర కూర్చోబెట్టాలని నాయిన మనసులో ఉంది. బయటికి అనడానికి అవ్వ అడ్డం.

అవ్వ, అంటే మా నాయిన తల్లి, వీధి మొత్తానికి అతుకుల పనిలో పేరున్న మనిషి. అతుకు అంటే చెబుతాను. పడుగు అయిపోయి చివరి చీర కోశాక మగ్గాన్ని ఖాళీ చేయరు. పోగులను వరసలో పట్టి ఉంచే దువ్వెన లాంటిదాన్ని పన్నె అంటారు. ఆ పన్నెలో గుచ్చిన పాత పోగుల కొసలు మూరెడు అట్లాగే వదిలేస్తారు. కొత్త పడుగు తెచ్చి, పాత కొస ఒక్కొక్కదానికి కొత్త కొస ఒక్కొక్కటి కలిపి వేళ్లతో మెలిపెడతారు. వేల పోగులు, అన్నీ అంతే. తర్వాత మెల్లగా ముందుకు లాగితే పాతవాటి వెంట కొత్తవి పన్నె దాటి వస్తాయి. మళ్లీ గుచ్చే బాధ లేదు.

ఆ మెలి జారకుండా ఉండడానికి బూడిద కావాలి. అవ్వ పిడకల బూడిదను పాత పంచెగుడ్డలో జల్లించి కొబ్బరిచిప్పలో పెట్టుకునేది. వేళ్లకు బూడిద అద్దుకుని, ఆ వేళ్లు కళ్లకు ఆనించుకుని గానీ పోగు ముట్టేది కాదు. బూడిద సరే, కళ్లకు ఎందుకు అని అడిగితే, "మా అత్త గట్లనే జేసేది" అనేది. ఆమెకు అదే శాస్త్రం.

"మగ్గం ఉపాసం ఉండొద్దు పిల్లా" అనేది నాతో. "మీ తాతకు తాత గుచ్చిన పోగు గిది. పన్నె మారింది, గుంట మారింది. పోగు మాత్రం అతుకు పడుకుంటనే వచ్చింది గని నడుమల తెగలే."

ఆ శీతాకాలం మా వీధికి పటం తాత వచ్చాడు. రెండు మూడేళ్లకోసారి వచ్చేవాడు. మూరల కొద్దీ పొడవున్న బొమ్మల గుడ్డను కర్రకు చుట్టి భుజాన వేసుకొచ్చి, గోడకు కట్టి, ఒక్కో బొమ్మా విప్పుతూ మా కులం పుట్టుక చెప్పేవాడు. దేవతలకు మానం కాచే బట్ట లేదట. అప్పుడొక రుషి పుట్టి, తామర తూడులోంచి దారం తీసి మొదటి బట్ట నేశాడట. మేమందరం ఆయన సంతానం. కథ అయిపోయాక ఇంటింటికీ వచ్చి ఆ రుషి నుంచి ఆ ఇంటి యజమాని దాకా పేర్లు గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. ఆయన వచ్చిన రోజు ఇంట్లో భక్షాలు చేసేవాళ్లు, నెయ్యి వాసన గంజి వాసనను తొక్కేసేది. నాయిన తన పేరు వచ్చే చోట చేతులు కట్టుకుని నిలబడేవాడు. అంత పొడవు జాబితాలో ఒక్క ఆడమనిషి పేరు లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. అవ్వకూ తట్టినట్టు లేదు.

సరిగ్గా ఆ వారమే మా సైన్స్ సారు మనిషి పుట్టుక పాఠం మొదలుపెట్టాడు. ఆయనది నాగర్‌కర్నూల్ దిక్కు, పడుచువాడు, ఎర్ర బస్సులో దిగి మా ఊళ్లో గది అద్దెకు తీసుకున్నాడు. పాఠం మధ్యలో వెనుక బెంచీ వాడొకడు లేచి, "సార్, మీ తాత కోతా సార్?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

సారు బెత్తం తియ్యలేదు. "కోతి మన తాత కాదురా. కోతికీ మనకూ ఎన్కట తాత ఒక్కడే. అంటే కోతి మన పాలోడు" అన్నాడు.

పాలోళ్లంటే మా వైపు దాయాదులు, ఒకరింట్లో చావైతే మరొకరింట్లో మైల పట్టేవాళ్లు. అంతవరకు తలకెక్కని పాఠం ఆ ఒక్క మాటతో నాకు ఎక్కింది. ఎక్కిందాన్ని కడుపులో దాచుకునే రకాన్ని కాదు నేను.

పటం తాత మా ఇంట్లో పేర్లు చదవడం ముగించి నీళ్లు తాగుతున్నాడు. అప్పుడే రంగులద్దే చాచా పట్టు లడీలు, అంటే రంగేసిన దారం చుట్టలు, ఇవ్వడానికి వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. ఆయన చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి, ఆ రోజు ఊదా. నాయిన పళ్లెంలో బియ్యం పోసి తాతకు ఇవ్వబోతుండగా నేను నోరు తెరిచాను.

"మా సారు వేరే చెప్పిండు తాతా. కోతి మన పాలోడంట."

నాయిన చేతిలో పళ్లెం అక్కడే ఆగింది. చాచా తొడ మీద చరుచుకుని, "యా అల్లా! ఐతే కోతి సస్తె మీరు పది దినాలు మైల పట్టాల్నాయె! ఆస్తిల భాగం గూడ ఇయ్యాలె. మగ్గం ఒక్కటే ఉన్నది భాయ్, కోతికి ఏమిస్తవ్?" అన్నాడు. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మీ దాంట్ల ఎట్ల చెప్తరు సాయిబూ?" అని అడిగాడు పటం తాత.

"మా దాంట్ల ఆదం బాబా. మట్టి తోటి తయారు జేసిండు మాలిక్. మీకు తామర, మాకు మట్టి, ఈ పిల్లకు కోతి. ఎవరిది వాళ్లకు ముబారక్. నాకైతే ఉతికినంక పట్టు రంగు దిగొద్దు, గదే నా ఫికర్."

పటం తాతకు కోపం రాలేదు. అదే నన్ను దెబ్బతీసింది. గ్లాసు కింద పెట్టి నింపాదిగా అన్నాడు. "బిడ్డా, రుషి నుంచి మీ నాయిన దాక పేర్లు నేను వరుసగ జదివిన. ఒక్కటి గూడ తప్పలే. మీ సారును గూడ కోతికి మనకు కలిసిన ఆ తాత నుంచి వాళ్ల నాయిన దాక చదువుమను. నడుమల ఎవరెవరున్నరో చెప్పుమను. చెప్తె నేను ఈ పటం చుట్టుకొని మల్ల ఈ ఊరు రాను."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆయన వెళ్లాక నాయిన నన్ను పిలిచాడు. అరవలేదు, అరవని నాయినంటేనే నాకు భయం.

"పెద్దలు చెప్పింది అబద్ధమైతదా? పెద్దల మాట అబద్ధం జేసే సదువు మనకొద్దు. ఇంకొక్కపారి నా ముందట గిట్ల లొల్లి పెడితె, పుస్తకాలు అటక ఎక్కిస్త. ఇగ నువ్వు అంచు కాడ కూసునుడే" అన్నాడు.

అవ్వ అడ్డం రాబోయింది. "నువ్వూకో అమ్మా. ఇది భుజం ఎత్తలేకపోతుంది, నేనొక్కన్నే ఎన్ని దినాలు ఈడుస్త?" అని అమ్మను చూపించాడు. అవ్వ ఊరుకుంది. ఆ మాటలో న్యాయం ఉంది మరి. చీర దిగకపోతే ఇల్లు గడవదు.

మర్నాడు సారు దగ్గరికి వెళ్లి అడిగాను, మధ్యలో ఎవరెవరున్నారని. "పేర్లుండయ్ అమ్మా. ఉన్నయి ఎముకలు, రాళ్లల్ల పడ్డ గుర్తులు. చాన మటుకు పోయినయి గూడ. దొరికినదాన్ని పట్టుకుని పోయినదాన్ని అంచనా కట్టాలె, మల్ల అది సరో కాదో పరీక్ష జెయ్యాలె. ఎవరు చెప్పినా సరే, నేను చెప్పినా సరే, చూడకుండ నమ్మకు" అన్నాడు.

చూడకుండా నమ్మకు. ఆ మాట వేరే పిల్లలకు ఎట్లా పనికొచ్చిందో గానీ, నా కొంప ముంచింది.

ఆదివారం నాడు పడుగులో చివరి చీర కోశారు. నాయిన, అమ్మ దాన్ని మడతపెట్టి సావుకారికి ఇవ్వడానికి వెళ్లారు. మధ్యాహ్నం అవ్వ అతుకు కూర్చోవాలి. పెరట్లో బూడిద జల్లిస్తోంది. ఇంట్లో నేనూ మగ్గమూ మాత్రమే ఉన్నాం. పన్నె వెనుక పోగుల కొసలు తెల్లగా వేలాడుతున్నాయి. మా తాతకు తాత గుచ్చిన పోగు, నడుమ తెగలేదు అని అవ్వ చెప్పింది కదా. చూడకుండా ఎట్లా నమ్మేది? ఒక పోగును పట్టుకుని లాగాను. సర్రున జారి చేతికి వచ్చింది. దాని మీద ఒక్క అతుకు కూడా లేదు. ఇంకోదాంట్లో ఉంటుందేమోనని అదీ లాగాను. దాంట్లోనూ లేదు. పదోది, ఇరవయ్యోది. అతుకు కనిపిస్తే పటం తాత ముందర పెట్టి, ఇదిగో, పేర్లు లేకపోయినా వరుస ఉంటుంది అని చెప్పొచ్చని నా ఆశ. నేతవాళ్ల పిల్లకు ఆ మాత్రం తెలియదా అంటారేమో. రోజూ కళ్ల ముందుండేదాని గురించి ఎవరు ఆలోచిస్తారు? తల ఎత్తి చూసేసరికి పన్నెలో నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ అయిపోయింది. కింద నేల మీద పోగుల కుప్ప.

తిరిగి గుచ్చబోయాను. ఏ పోగు ఏ కంటిలోదో! పన్నె పళ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

అవ్వ కొబ్బరిచిప్పతో లోపలికి వచ్చింది. మగ్గాన్ని చూసింది, నన్ను చూసింది. కొబ్బరిచిప్ప కింద పెట్టింది.

"ఏం జేసినవే?"

"మొదటి పోగు ఏడుందో చూద్దమని..." అని ఏడ్చేశాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నేల మీది పోగుల వంక చూసి అంది. "మొదటి పోగు చీరలతోటే పోయింది పిల్లా. అతుకులు గూడ గట్లనే పోతయి. కట్టుకున్నోళ్లు కట్టుకున్నరు, చింపుకున్నోళ్లు చింపుకున్నరు. మనకు మిగిలేది ఎప్పుడైనా గీ మూరెడే."

అప్పుడే వాకిట్లో నాయిన చెప్పులు విడిచిన చప్పుడైంది. ఇంకొక్కపారి అన్నాడు కదా. పుస్తకాల సంచి దండెం మీద వేలాడుతోంది, దాని వంకే చూశాను.

నాయిన లోపలికి వచ్చి ఆగిపోయాడు. "ఎవరు జేసిన్రు గిది?"

"నేనే బిడ్డా" అంది అవ్వ. నా నోరు తెరుచుకునే లోపే అనేసింది. "కండ్లు మసకలు పడ్డయిరా. పాడైన పోగులనుకొని తీసిన."

నాయిన వంగి కింద నుంచి ఒక పోగు తీసి, వాకిలి వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను కుక్కిన పేనులా నిలబడ్డాను. ఆయన పోగును కింద వదిలేసి, "సరే. ఇగ నువ్వు అతుకు కూసోకు అమ్మా" అన్నాడు.

పక్క వీధి నుంచి కూలికి మనిషిని పిలిచి రెండు రోజులు పన్నె గుచ్చించారు. వీధంతా తెలిసిపోయింది. "అవ్వకు కండ్లు పోయినయంట" అన్నారు. అంతకు ముందు ఏ ఇంట్లో పడుగు మారినా కబురు వచ్చేది, వెళ్లి కూర్చుంటే రొట్టె, తమలపాకులు, పెద్దరికం. ఆ కబుర్లు ఆగిపోయాయి. ఆమె బొటనవేలూ చూపుడువేలూ మాత్రం ఆగలేదు. గడప మీద కూర్చుని ఏమీ లేకుండానే మెలి తిప్పుతుండేవి. నేను ఒక్క మాట చెబితే ఆ అవమానం పోయేది. చెప్పలేదు. భయం ఒకటి, సిగ్గు ఒకటి. ఆ రెండిటికంటే బడి మీద ఆశ పెద్దది. అంత పిల్లలో అంత స్వార్థం ఉంటుందా అంటే, ఉంటుంది. నాలో ఉంది.

వారం తిరగకముందే అవ్వ, "ఊరికె కూసోని ఏం జేస్త, అంచు నాడె నేనే అందిస్త" అని గుంట పక్కన చేరింది. నా కోసం అనుకున్న చోటది. నాయిన వద్దనలేదు. అతుకుకు చాలని కళ్లు అంచుకు ఎట్లా చాలాయో వీధిలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నేను పది పాసయ్యాను, వనపర్తికి కాలేజీకి వచ్చాను, అవ్వ ఆ చోట్లోనే కూర్చుని ముసలిదైంది. నాకు ఉద్యోగం వచ్చిందన్న కబురు విని నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఆ మరుసటేడు పోయింది. ఆమెకు ఎదురుగా ఆ మాట ఎత్తే ధైర్యం నాకు చివరి దాకా రాలేదు.

చాలా ఏళ్లకు నాయినకు చేతకాక మగ్గం విప్పేశారు. గుంటను మట్టితో పూడ్చి బండలు పరిచారు. ఆ రోజు నేను వెళ్లాను. నాయిన ఆ బండల మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. అప్పటికి నాకే నెత్తి నెరుస్తోంది. ఇక దాచలేక చెప్పేశాను.

"నాయినా, ఆ దినం పోగులు గుంజింది అవ్వ కాదు."

"ఎరుకే" అన్నాడు.

నేను ఆయన కాళ్ల దగ్గర బండ మీద కూర్చున్నాను.

"మా అమ్మ బూడిద అంటకుండ పోగు ముట్టదు. కింద పడ్డయి తెల్లగ ఉండె."

"మరి ఎందుకు ఊకున్నవు?"

"అమ్మ చెప్పింది గద, నేనే అని. నీ ముందట మా అమ్మ మాట అబద్ధం జెయ్యాల్నా?"

నాకు పటం తాత గుర్తొచ్చాడు, పళ్లెం పట్టుకుని నిలబడ్డ నాయిన గుర్తొచ్చాడు. "రుషి ముచ్చట గూడ గంతేనా నాయినా?" అని అడిగాను.

ఆయన నా వంక చూసి నవ్వాడు, పళ్లు లేని నవ్వు. "నీకు సదువు చెప్పిచ్చింది గిసుంటి ప్రశ్నలు ఎయ్యనీకెనా?" అన్నాడు. చాయ్ పెట్టమన్నాడు.

ఆ తర్వాత క్లాసులో ఏ పిల్లో లేచి, "మా తాత గట్ల కాదన్నడు టీచర్" అంటే, మీ తాతకు తెలియదు అనే మాట నా నోట రాలేదు. పాఠం మాత్రం ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. చూడకుండా నమ్మొద్దనీ చెప్పాను. చూసేటప్పుడు ఎవరి మగ్గమో కొంచెం చూసుకోండి అని మాత్రం చెప్పలేకపోయాను, చెబితే వాళ్లకు అర్థమయ్యేది కాదు.

ఇదంతా చెప్పేసరికి అరగంట ఎప్పుడో దాటిపోయింది. మా మనవరాలు గొట్టం నా చేతికిచ్చింది. నోరెండిపోయి ఉంది, గీత దాకా నిండడానికి ఐదు నిమిషాలు పట్టింది. మూత బిగించి, పెట్టె మీద నా పేరు రాసింది. ఏదో ఒక దిక్కు పేరు వస్తుంది. వచ్చినప్పుడు శ్రద్ధగానే చదువుతాను, సైన్స్ టీచర్ని కదా.

కలం మూత పెట్టబోతూ ఆగింది.

"నానమ్మా, ఆ అవ్వ పేరేంటి?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పటం తాత చదవలేదు, ఈ గొట్టంలో రాదు. చెప్పాను. పెట్టె మీద ఇంకో పేరుకు చోటు లేదు. ఆ పిల్ల తన అరచేతి మీద రాసుకుంది. నేను లేచి టీ మళ్లీ వెచ్చబెట్టాను.